డిగ్రీ పుస్తకం ఇంగ్లిష్‌లో చదివి అర్థం చేసుకోవడం ఎలా: ప్రతిపదార్థం నుంచి తాత్పర్యం దాకా

ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి డిగ్రీలో ఇంగ్లిష్ పుస్తకం పట్టుకున్నవాళ్లు మొదటి నెలలో అనే మాట ఒకటే: "చదువుతున్నాను గానీ బుర్రకెక్కట్లేదు." కళ్లు అక్షరాల మీదే ఉంటాయి, పేజీలూ తిరుగుతుంటాయి, పుస్తకం మూశాక మాత్రం ఏమీ మిగలదు. ఇంగ్లిష్ మీడియం వాళ్లలోనూ చాలామందికి ఇదే బాధ, కాకపోతే పైకి చెప్పరు. ఇంటర్ గైడు ప్రశ్న వేసి కిందే జవాబు ఇచ్చేది. డిగ్రీ పుస్తకంలో జవాబు నాలుగు పేజీల వచనంలో ఎక్కడో ఉంటుంది, ప్రశ్న మనమే వేసుకోవాలి.

దీనికి కావాల్సిన పద్ధతి మనకు కొత్తదేం కాదు. బడిలో పద్యానికి ప్రతిపదార్థం రాసి, అన్వయం చూసుకుని, తాత్పర్యం చెప్పేవాళ్లం కదా, సరిగ్గా అదే పని ఇంగ్లిష్ పాఠానికి చేయాలి. పద్యం దగ్గర ఎవరూ "స్పీడుగా చదివెయ్" అనరు. పాఠ్యపుస్తకానికీ అంతే మర్యాద ఇవ్వాలి.

ముందు జబ్బేదో తేల్చుకోండి

ఇంకా చదవని పాఠం నుంచి ఒక పేజీ తీసుకోండి, సుమారు 400 పదాలుండాలి. డిక్షనరీ, ఫోను దూరం పెట్టండి. ఆగకుండా ఒకసారి చదువుతూ తెలియని మాట కింద పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టండి. పుస్తకం మూసి, ఆ పేజీలో ఏముందో తెలుగులోనే, పక్కనున్న మనిషికి చెప్పినట్టు పైకి చెప్పండి. తర్వాత చుక్కలు లెక్కపెట్టండి.

చుక్కలు ఎనిమిది లోపు ఉంటే మాటలతో మీకు పెద్ద ఇబ్బంది లేదు. ఎవరి సాయం లేకుండా చదువుకుపోవాలంటే నూటికి 98 మాటలు తెలిసి ఉండాలని రెండో భాషలో చదవడం మీద జరిగిన పరిశోధనలు చెబుతాయి. 400కి ఎనిమిదన్న లెక్క అక్కణ్నుంచి వచ్చిందే. ఇరవై దాటితే ఆ పుస్తకం ఇప్పటికి మీకు బరువు, కింద పదాల దగ్గర చెప్పిన పని ముందు చేయాలి. మాటలన్నీ తెలిసినా వాక్యం అతకకపోతే లోపం అన్వయంలో ఉంది. వాక్యాలు విడివిడిగా అర్థమై, "ఇంతకీ ఏం చెప్పాడు?" అంటే నోరు పెగలకపోతే పాఠం నడక దొరకలేదన్నమాట.

నాలుగో రకం ఒకటుంది, దాన్ని తరచూ తెలివితక్కువతనంగా పొరబడతారు. "గుడ్ లెంగ్త్‌లో పడి లేటుగా స్వింగైన బంతికి సెకండ్ స్లిప్‌లో దొరికిపోయాడు." ఈ వాక్యంలో కష్టమైన వ్యాకరణమేం లేదు. అయినా క్రికెట్ చూడనివాళ్లకు ముక్క అర్థం కాదు. అమెరికాలో 1988లో బడిపిల్లల మీద బేస్‌బాల్‌తో ఇలాంటి పరీక్షే పెట్టారు. చదవడంలో వెనకబడినా ఆట బాగా తెలిసిన పిల్లలు, బాగా చదవగలిగీ ఆట తెలియని పిల్లల కంటే కథ బాగా చెప్పారు. అంటే విషయం బొత్తిగా తెలియనప్పుడు ఇంగ్లిష్‌ను తిట్టుకుని లాభం లేదు. ముందు అదే పాఠాన్ని తెలుగులో చదవండి. తెలుగు అకాడమీ పుస్తకాలు, అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ తెలుగు మెటీరియల్ ఇందుకు పనికొస్తాయి. ఇంగ్లిష్‌లోనే తేలిగ్గా కావాలంటే ఎన్‌సీఈఆర్‌టీ 11, 12 తరగతుల పుస్తకాలు నెట్‌లో ఉచితం. యూట్యూబ్ పాఠం కూడా చూడొచ్చు, కానీ పుస్తకానికి ముందు చూడండి. పుస్తకానికి బదులుగా చూస్తే చదివే పని అక్కడితో ఆగిపోతుంది.

మొదటి మెట్టు: చదవకముందు ఐదు నిమిషాలు

పుస్తకం, పెన్సిల్, నాలుగు తెల్లకాగితాలు. ఫోను వేరే గదిలో. పాఠం పేరు, లోపలి శీర్షికలు, బొమ్మల కింది రాతలు, చివరి ప్రశ్నలు మాత్రమే చూడండి. తర్వాత సిలబస్ కాగితంలో ఆ యూనిట్ వరస చదవండి. ఇప్పుడు మూడు ప్రశ్నలు రాసుకోండి. ‘ఫ్రీ కన్సెంట్’ అన్న శీర్షిక కనిపిస్తే "సమ్మతి ఎప్పుడు స్వేచ్ఛగా ఇచ్చినట్టు కాదు?" అని రాసుకోవడమే. శీర్షికను ప్రశ్నగా మార్చే ఈ అలవాటు ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో పనిచేసిన ఫ్రాన్సిస్ రాబిన్సన్ 1946లో ప్రచారంలోకి తెచ్చిన ఎస్‌క్యూ3ఆర్ (సర్వే, క్వశ్చన్, రీడ్, రిసైట్, రివ్యూ) పద్ధతిలో రెండో మెట్టు. మిగతా మెట్లు గుర్తు పెట్టుకోకపోయినా పరవాలేదు, ఇదొక్కటి వదలకండి. చేతిలో ప్రశ్న లేకుండా పాఠంలోకి వెళ్లడం చీటీ లేకుండా సంతకు వెళ్లడం లాంటిది, అన్నీ చూసొస్తాం, కావాల్సింది తేం.

రెండో మెట్టు: బరువైన వాక్యానికి అన్వయం

అసలు కుస్తీ ఇక్కడే. బీకాం బిజినెస్ లాలో ప్రతి ఒక్కరూ చదివే 1872 నాటి ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్ సెక్షన్ 10 తీసుకుందాం:

"ఆల్ అగ్రిమెంట్స్ ఆర్ కాంట్రాక్ట్స్ ఇఫ్ దే ఆర్ మేడ్ బై ది ఫ్రీ కన్సెంట్ ఆఫ్ పార్టీస్ కాంపిటెంట్ టు కాంట్రాక్ట్, ఫర్ ఎ లాఫుల్ కన్సిడరేషన్ అండ్ విత్ ఎ లాఫుల్ ఆబ్జెక్ట్, అండ్ ఆర్ నాట్ హియర్‌బై ఎక్స్‌ప్రెస్లీ డిక్లేర్డ్ టు బి వాయిడ్."

35 పదాల ఒకే వాక్యం. చాలామంది ‘ఆబ్జెక్ట్’ దాకా చదివి అయిపోయిందనుకుంటారు. పరీక్షలో మార్కు పోయేది ఆ తర్వాతి తోక దగ్గరే.

సంస్కృత శ్లోకానికి పండితులు చేసే ఖండాన్వయంలో ముందు క్రియను పట్టుకుని దాన్ని ప్రశ్నలడుగుతారు. మనమూ అదే చేద్దాం. క్రియల చుట్టూ గుండ్రం గీయండి. మూడు దొరుకుతాయి: ‘ఆర్’, ‘ఆర్ మేడ్’, ‘ఆర్ నాట్ డిక్లేర్డ్’. ఒక్కోదాన్నీ అడగండి.

మొదటిది: ఏవి అవుతాయి? ఒప్పందాలు. ఎన్ని? అన్నీ. ఏమవుతాయి? కాంట్రాక్టులు. ఊరికేనా? కాదు, ‘ఇఫ్’ ఉంది, షరతులున్నాయి.

రెండోది: ఎలా చేసుకున్నవి? స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతితో. ఎవరి సమ్మతి? పార్టీలది. ఎలాంటి పార్టీలు? ఒప్పందం చేసుకునే అర్హత ఉన్నవాళ్లు. దేనికి? చట్టానికి సమ్మతమైన ప్రతిఫలానికి. ఏ ఉద్దేశంతో? చట్టానికి సమ్మతమైన ఉద్దేశంతో.

మూడోది: ఏవి ప్రకటించబడకూడదు? అవే ఒప్పందాలు, ఎక్కడో వెనక్కి ఉన్న ‘దే’ ఇక్కడిదాకా పనిచేస్తోంది. ఏమని? చెల్లవని. ఎక్కడ? ‘హియర్‌బై’, అంటే ఈ చట్టంలోనే. దస్తావేజుల్లో ‘ఇందుమూలముగా’ అని చూసుంటారే, అదే ఇది.

ఇప్పుడు ముక్కల్ని తెలుగు వరసలో కూర్చండి: "అర్హత ఉన్నవాళ్లు ఇష్టపూర్వకంగా, చట్టసమ్మతమైన ప్రతిఫలానికి, చట్టసమ్మతమైన ఉద్దేశంతో చేసుకుని, ఈ చట్టం చెల్లవని స్పష్టంగా చెప్పకుండా వదిలిన ఒప్పందాలన్నీ కాంట్రాక్టులే."

వరస ఎలా తలకిందులైందో చూశారా? తెలుగు విశేషణాల మూటంతా ముందు మోసుకొచ్చి చివర నామవాచకాన్ని దించుతుంది. ఇంగ్లిష్ నామవాచకాన్ని ముందే పడేసి ‘ఆఫ్’, ‘ఫర్’, ‘విత్’, ‘విచ్’, ‘దట్’ అంటూ ఒక్కో బోగీ తగిలిస్తుంది. ‘పార్టీస్ కాంపిటెంట్ టు కాంట్రాక్ట్’లో అర్హత పార్టీల వెనక వచ్చింది. మన చెవి వినే అలవాటు ముందునుంచి కాబట్టి వెనకొచ్చినదాన్ని పక్కమాటకు అంటగడుతుంది. తెలుగువాళ్లకు పొడుగు వాక్యం అతకకపోవడానికి మాటలు రాకపోవడం కంటే ఇదే పెద్ద కారణం. ఎంత పెద్ద డిక్షనరీ కొన్నా ఇది తీరదు.

పదాల్లో ఉచ్చులు కూడా చూడండి. ‘కాంట్రాక్ట్’ రెండోసారి వచ్చినప్పుడు క్రియ. ‘ఆబ్జెక్ట్’ వస్తువు కాదు, ఉద్దేశం. ‘కన్సిడరేషన్’ ఆలోచించడం కాదు, ప్రతిఫలం. యంత్రానువాదం దీన్ని ‘పరిశీలన’ అని పెట్టే ప్రమాదముంది, అప్పుడు వాక్యమంతా చెడుతుంది. ‘వాయిడ్’ అంటే చెల్లనిది. సెక్షన్ 19లో వచ్చే ‘వాయిడబుల్’ వేరు, అది ఒక పక్షం కాదంటే రద్దయ్యేది, ఔనంటే నిలిచేది.

చివరి పని, ఒక్కో షరతుకూ అది తప్పిన సందర్భం మీరే కల్పించండి. పదహారేళ్ల కుర్రాడు బైక్ అమ్ముతానని ఒప్పుకున్నాడు: అర్హత లేదు, సెక్షన్ 11. బెదిరించి సంతకం పెట్టించారు: స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి కాదు, సెక్షన్ 14. గంజాయి రవాణాకు కిరాయి మాట్లాడుకున్నారు: ఉద్దేశం చట్టవిరుద్ధం, సెక్షన్ 23. సంక్రాంతికి కోడిపందెం మీద పదివేలు కాశారు: పందెం ఒప్పందాలు చెల్లవని సెక్షన్ 30 సూటిగా చెబుతోంది, అంటే ఇందాకటి తోక ఇక్కడ పనిచేసింది. ఈ నాలుగూ చెప్పగలిగితే సెక్షన్ 10 అర్థమైనట్టే. చెప్పలేకపోతే, వాక్యం నోటికొచ్చినా అర్థం కానట్టే.

మొదట్లో ఇలాంటి వాక్యానికి పావుగంట పడుతుంది, పట్టనివ్వండి. పేజీలో ప్రతి వాక్యానికీ ఇది చేయకూడదు. నిర్వచనాలు, సిద్ధాంతాలు, సెక్షన్లు, షరతులున్న వాక్యాలు కలిపి పేజీకి రెండో మూడో ఉంటాయి. వాటికి చాలు.

చిన్నమాటల దగ్గర పెద్ద దెబ్బలు

విద్యార్థులు పెద్ద మాటల్ని డిక్షనరీలో వెతుకుతారు, చిన్నవాటిని తెలిసినవే అని దాటేస్తారు. అర్థం తిరగబడేది ఆ చిన్నవాటి దగ్గరే. ‘హవెవర్’ కనిపిస్తే ఆగండి. అప్పటిదాకా చెప్పింది ఇతరుల మాటో, పాక్షిక సత్యమో అయ్యుంటుంది, రచయిత అసలు మాట ఆ తర్వాత వస్తుంది. ‘వేర్‌యాజ్’ రెండింటిని తూకం వేస్తుంది. మార్జిన్‌లో రెండు గళ్లు గీసి ఎడమది, కుడిది రాసుకోండి. ‘రెస్పెక్టివ్లీ’ వస్తే మొదటిది మొదటిదానికి, రెండోది రెండోదానికి గీతతో కలపండి. ‘అన్‌లెస్’ లోపలే ‘కాకపోతే’ ఉంది, దానికి ఇంకో ‘కాదు’ చేర్చి చదివితే వ్యతిరేకార్థం వస్తుంది.

‘ఇఫ్’కీ ‘ఓన్లీ ఇఫ్’కీ తేడా మీద మ్యాథ్స్ వాళ్లు ఏటా దెబ్బ తింటారు. వాన పడితే వాకిలి తడుస్తుంది. వాకిలి తడిసింది కాబట్టి వాన పడిందంటే కుదరదు, పొద్దున్నే కళ్లాపి చల్లి ఉండొచ్చు. సిద్ధాంతం చదివినప్పుడల్లా తిరగేసి "ఇది కూడా నిజమేనా?" అని అడగండి.

మూడో మెట్టు: పదాలు, రోజుకు ఐదు

తెలియని ప్రతి మాటకూ ఆగితే వాక్యం తెగిపోతుంది. చుక్క పెట్టి పేరా చివరిదాకా వెళ్లండి. అదే పాఠంలో మూడుసార్లు వచ్చిన మాట, శీర్షికలో ఉన్న మాట, తెలియకపోతే వాక్యం కదలని మాట, ఈ మూడు రకాలే చూడండి. రోజుకు ఐదు మించొద్దు. యాభై రాసుకున్న నోటుబుక్కు రెండోసారి తెరిచేవాళ్లు అరుదు.

రాసుకునేటప్పుడు మాట, అది వచ్చిన వాక్యం, ఆ సబ్జెక్టులో దాని తెలుగు అర్థం, ఈ మూడూ ఉండాలి. ‘ఆ సబ్జెక్టులో’ అన్నది ముఖ్యం. ఎకనామిక్స్ ‘రెవెన్యూ’ అమ్మకాల మీద వచ్చే రాబడి, తహసీల్దార్ ఆఫీసుకు సంబంధం లేదు. ఫిజిక్స్ ‘నార్మల్’ మామూలు కాదు, లంబం. ‘టెన్షన్’ తాడులో ఉండేది. బస్తా నెత్తిన పెట్టుకుని కదలకుండా నిలబడితే చెమటలు పట్టినా ‘వర్క్’ సున్నా. మనం రోజూ తెలుగులో వాడే ఇంగ్లిష్ మాటలే ఎక్కువ మోసం చేస్తాయి, తెలిసినవే అనుకుని చుక్క పెట్టం కాబట్టి.

సబ్జెక్టు మాటలు కాకుండా అన్ని సబ్జెక్టుల్లోనూ తిరిగే మాటలు కొన్నున్నాయి: ఎనలైజ్, ఎస్యూమ్, డిరైవ్, ఎస్టిమేట్, ఇంప్లై లాంటివి. న్యూజిలాండ్‌లో ఎవరిల్ కాక్స్‌హెడ్ 2000లో ఇలాంటివి 570 పద కుటుంబాలుగా, అంటే ఒకే మూలమున్న మాటల గుంపులుగా, ఏరి జాబితా చేశారు. అకడమిక్ వర్డ్ లిస్ట్ పేరుతో నెట్‌లో దొరుకుతుంది. కాలేజీ స్థాయి వచనంలో దాదాపు పదో వంతు ఈ మాటలే. మొదటి పరీక్షలో ఇరవై దాటి చుక్కలు పెట్టినవాళ్లు రోజూ ఐదింటిలో మూడు ఇక్కణ్నుంచి తీసుకోండి. రోజుకు మూడు చొప్పున ఆరున్నర నెలల్లో జాబితా పూర్తవుతుంది.

నాలుగో మెట్టు: మార్జిన్‌లో నాలుగు మాటలు

పేరా అయ్యాక పెన్సిల్‌తో పక్కన నాలుగైదు మాటలు రాయండి, తెలుగులో అయినా సరే. రెండు సంగతులుండాలి: పేరా ఏం చెబుతోంది, ఏ పని చేస్తోంది. "మైనర్ ఒప్పందం చెల్లదు: మినహాయింపు", "ధర పెరిగితే డిమాండ్ తగ్గు: కారణం". నిర్వచనం, కారణం, ఉదాహరణ, పోలిక, మినహాయింపు, ఖండన. చాలా పేరాలు ఈ ఆరింటిలో ఏదో ఒకటి చేస్తాయి. అయ్యాక మార్జిన్ మాత్రం పైనుంచి కిందికి చదవండి, పాఠం అస్థిపంజరం కనిపిస్తుంది. ఉదాహరణ పేరాను సిద్ధాంతంగా బట్టీ పట్టే పొరపాటు దీంతో ఆగిపోతుంది.

గ్రాఫు వస్తే గీత కంటే ముందు రెండు అక్షాల మీద రాసింది, కొలమానం చదవండి. డిమాండ్ రేఖలో ధర నిలువు అక్షం మీద ఉంటుంది. కారణం అడ్డంగా, ఫలితం నిలువుగా చూసే మ్యాథ్స్ అలవాటుతో వచ్చినవాళ్లకు ఇది తలకిందులు. ఆర్థికవేత్త ఆల్ఫ్రెడ్ మార్షల్ కాలం నుంచి ఎకనామిక్స్‌లో అది ఆచారం, అంతే.

ఐదో మెట్టు: పుస్తకం మూసి చెప్పడం

అందరూ ఎగ్గొట్టేది ఇదే, ఎందుకంటే కష్టంగా ఉంటుంది. రెండు మూడు పేజీలకోసారి పుస్తకం మూసి, తెల్లకాగితం మీద గుర్తున్నదంతా రాయండి లేదా పైకి చెప్పండి. తర్వాత తెరిచి, వదిలేసినవి వేరే రంగు పెన్నుతో చేర్చండి. రేపు చదవాల్సింది ఆ రెండో రంగు మాత్రమే.

మళ్లీ మళ్లీ చదవడం కంటే ఇదెందుకు మేలో 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం చూపించింది. ఒక గుంపు పాఠాన్ని రెండోసారి చదివింది, ఇంకో గుంపు పాఠం చూడకుండా గుర్తున్నది రాసింది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి, 81 శాతానికి 75. వారం తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లు 42కి పడిపోయారు, రాసినవాళ్లు 56 దగ్గర నిలిచారు. పరీక్ష ముందురోజు రాత్రి చదివి "అంతా వచ్చేసింది" అనిపించడం ఆ ఐదు నిమిషాల లెక్క లాంటిది. హైలైటర్ పని కూడా ఇంతే. పేజీ పసుపు పచ్చబడుతుంది, తలలో రంగు అంటదు.

చెప్పడం తెలుగులోనే చెప్పండి, సాంకేతిక పదాలు మాత్రం ఇంగ్లిష్‌లో ఉంచండి. అందులో నామోషీ ఏమీ లేదు. కానీ పరీక్ష ఇంగ్లిష్‌లో రాయాలి కాబట్టి తెలుగులో చెప్పినదాన్ని అదే రోజు ఐదు ఇంగ్లిష్ వాక్యాలుగా, పుస్తకం చూడకుండా రాయాలి. ఒక్కో వాక్యం పది పన్నెండు పదాలు దాటనివ్వకండి. ఈ రెండో సగం వదిలేస్తే విషయం తెలిసీ పేపర్ మీద పెట్టలేని పరిస్థితి వస్తుంది. ఏఐతో సారాంశం తీయించుకోవాలనుకుంటే మీ ఐదు వాక్యాలు రాశాకే తీయించి, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. ముందే చదివితే మీకేం అర్థమైందో మీకే తెలియదు.

టైము లెక్క

మామూలు ఇంగ్లిష్ వచనాన్ని ఆ భాష బాగా వచ్చిన పెద్దవాళ్లు నిమిషానికి సగటున 240 పదాల దరిదాపుల్లో చదువుతారు. పాఠ్యపుస్తకం దగ్గర మీకు 80 వస్తే చాలు. యూనిట్ 20 పేజీలు, పేజీకి 400 పదాలంటే 8,000 పదాలు, అంటే 100 నిమిషాలు. అన్వయానికి, మూసి చెప్పడానికి ఇంకో గంట. అంతా కలిపి 160 నిమిషాలు, 40 నిమిషాల చొప్పున నాలుగు రోజులు. ఒకే రాత్రి కూర్చుంటే రెండో గంట నుంచి కళ్లు మాత్రమే చదువుతాయి.

చదివిన రోజు పడుకునేముందు ఒకసారి, మూడో రోజు, పదో రోజు, నెలకు ఒకసారి మీ మార్జిన్ మాటలు చూసి పాఠం చెప్పుకోండి. మొదటి రెండు వారాలు ఒక్క సబ్జెక్టుకే ఈ పద్ధతి పెట్టండి, మీకు కాస్త ఇష్టమైనదానికి. మూడో వారం రెండోది చేర్చండి. ఆరో వారం చివర మొదట చేసిన పేజీ పరీక్ష కొత్త పాఠంతో మళ్లీ చేసి చుక్కలు పోల్చుకోండి. ప్రశ్నలు దొరక్కపోతే ఇగ్నో ఓపెన్ యూనివర్సిటీ వారి ఈజ్ఞాన్‌కోశ్ వెబ్‌సైట్‌లో పాఠాల మధ్యమధ్య ‘చెక్ యువర్ ప్రోగ్రెస్’ అని ఉంటాయి, వాటిని వాడుకోండి.

మూడుసార్లు చదివినా లొంగని పేజీ

నాలుగోసారి చదవకండి. ఎక్కడ ఆగిపోయారో ఒక్క వాక్యంలో రాసి లెక్చరర్ దగ్గరికి తీసుకెళ్లండి. "సార్, సెక్షన్ 10 అర్థం కాలేదు" అంటే ఆయన క్లాసులో చెప్పిందే మళ్లీ చెబుతారు. "సార్, సెక్షన్ 10 షరతుల్లో రాతకోతల మాటే లేదు కదా, మరి ఇంటి అమ్మకానికి రిజిస్ట్రేషన్ ఎందుకు అడుగుతారు?" అంటే సంభాషణ వేరేగా నడుస్తుంది. ఆయన బహుశా పుస్తకం మీ వైపు తిప్పి, అదే సెక్షన్ రెండో పేరా చదవమంటారు. రాతపూర్వకంగా ఉండాలనో, సాక్షులుండాలనో, రిజిస్టర్ చేయాలనో చెప్పే వేరే చట్టాలకు ఇది అడ్డు రాదని అక్కడే ఉంది.